జబ్బు ఒకటి, పేర్లు అనేకం: వైద్య పదాలను కలిపి చదవడం ఎందుకు అవసరం?



ఈసారి ఆరోగ్య పాఠంలో ఏదో ఒక జబ్బు గురించి కాకుండా జబ్బుల పేర్ల గురించి తెలుసుకుందాం. పేరులో ఏముంది అని కొందరికి అనిపించవచ్చు. వార్డులో ఇన్నేళ్లు పనిచేసిన దానిగా చెబుతున్నాను, కొన్నిసార్లు ప్రాణమే ఉంటుంది.

నేను నర్సింగ్ చదువుకునే రోజుల్లో పిల్లల వార్డులో నాకు రాత్రి డ్యూటీ పడింది. విరేచనాలతో ఒక ఏడేళ్ల బాబు చేరాడు. చేర్చుకునేటప్పుడు తల్లి ఒక మాత్ర పేరు చెప్పి, అది తన బిడ్డకు పడదని, రెండేళ్ల కిందట వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు పొక్కిపోయాయని చెప్పింది. ఆమె చెప్పిన పేరునే షీటు మీద ఎర్ర సిరాతో రాశాము. అది కంపెనీ వారు పెట్టిన పేరు. మరునాడు డాక్టరుగారు మందుల కాగితంలో కోట్రైమాక్సజోల్ అని రాశారు. అది మందు అసలు పేరు. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూసినా ఒకటే మందు అని ఎవరికీ తోచదు. నేను మాత్ర నూరి, చెంచాలో కలిపి, బాబు మంచం దాకా వెళ్లాను. అప్పుడే రౌండుకు వచ్చిన సిస్టరుగారు ఎర్ర అక్షరాలు చదివి, నా చేతిలోని చెంచా వైపు చూసి, "ఆగమ్మా, రెండూ ఒకటే మందు" అన్నారు.

ఆ రాత్రి రాయవలసినదంతా షీటు మీద రాసే ఉంది. తల్లి దాచలేదు, మేము రాయకుండా వదిలేయలేదు. రెండు పేర్లు ఒకే మందువని చదివేవారికి తెలియలేదు, అంతే. ఆ సిస్టరుగారి జ్ఞాపకమే బాబును కాపాడింది.

ఇప్పుడు ఆసుపత్రుల రికార్డులు కంప్యూటరులోకి వస్తున్నాయి. వేల ఆసుపత్రులలో లక్షల మంది గురించి రాసిన మాటలను కలిపి చదివి, ఏ మందు ఎవరికి మేలు చేసింది, ఏ జబ్బు ఎక్కడ పెరుగుతోంది అని పరిశోధకులు వెదకుతున్నారు. అన్ని పేర్లనూ గుర్తుపెట్టుకుని "ఇవి రెండూ ఒకటే" అని చెప్పే ఆ సిస్టరుగారి పని అక్కడ ఎవరు చేస్తారు? అదే నేటి పాఠం.

ఒక జబ్బుకు అనేక పేర్లు, ఒక పేరుకు అనేక జబ్బులు

మన ఓ.పి.లో ఒక్క పూట కూర్చుంటే ఈ సంగతి తెలిసిపోతుంది. ఒకరు షుగర్ అంటారు, ఒకరు చక్కెర వ్యాధి అంటారు, పత్రికలు మధుమేహం అని రాస్తాయి, డాక్టర్లు డి.ఎం. అని రెండు అక్షరాలు వేస్తారు. టి.బి. అన్నా క్షయ అన్నా ఒకటే. పాత కేసు షీట్లలో దానినే కాక్స్ అని రాసేవారు. ఆ క్రిమిని 1882లో కనుగొన్న డాక్టర్ కాక్ గారి పేరు అది. ఆ మాట తెలియని కుటుంబం ఇంటికి వెళ్లి "టి.బి. కాదట, కాక్స్ అట" అని సంతోషించడం నేను చూశాను.

దీనికి తిరగబడిన చిక్కు ఇంకొకటి ఉంది. "ఆయాసం" అని వచ్చినవారిలో ఒకరికి ఉబ్బసం ఉంటుంది, ఒకరికి గుండె బలహీనత, ఒకరికి రక్తం తక్కువ. "కామెర్లు" కాలేయానికి సోకిన వైరస్ వల్ల రావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా రావచ్చు. కామెర్లు ఒక లక్షణం, దాని వెనుక జబ్బు వేరు. మూతి వంకర పోతే పక్షవాతం అంటాము. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా అలా జరుగుతుంది, ముఖపు నరం ఒక్కటే వాచినా జరుగుతుంది. మొదటిదైతే గంటలలో ఆసుపత్రికి చేరాలి.

డాక్టర్ల పొడి అక్షరాలకూ ఈ చిక్కు తప్పదు. ఎం.ఎస్. అంటే గుండె కవాటం సన్నబడటం, నరాల జబ్బు అయిన మల్టిపుల్ స్క్లెరోసిస్, మార్ఫిన్ మందు, ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. రోగిని ఎదురుగా చూసేవారికి ఏది అన్నది తెలుస్తుంది. కాగితం మాత్రమే చూసేవారికి తెలియదు. పరిశోధకుడు చూసేది కాగితమే.

పేర్ల పట్టిక ఎలా మొదలైంది?

లండన్ నగరంలో 17వ శతాబ్దంలో ప్రతి వారం చనిపోయినవారి లెక్క అచ్చువేసేవారు. శవాన్ని చూసి కారణం చెప్పే పని ముసలి స్త్రీలకు అప్పగించేవారు. జాన్ గ్రాంట్ అనే వ్యాపారి ఆ పాత లెక్కలన్నీ కూర్చి 1662లో ఒక పుస్తకం వేశాడు. ఆ లెక్కలలో చావుకు కారణంగా "పండ్లు" అని కూడా ఉండేది. పండ్లు వచ్చే వయసులో చనిపోయిన పసిబిడ్డలను అందులో వేసేవారు. అసలు జబ్బు ఏమిటో అందులో తెలియదు.

1839లో ఇంగ్లండు జనన మరణాల శాఖలో పనిచేసిన విలియం ఫార్ అనే వైద్యుడు ఈ లోపాన్ని ఎత్తి చూపించాడు. ఒక్కొక్క జబ్బుకు మూడు నాలుగు పేర్లున్నాయని, ఒక్కొక్క పేరు అన్ని జబ్బులకు వాడుతున్నారని, తూకాలు కొలతలకు ఎంత జాగ్రత్త తీసుకుంటామో జబ్బుల పేర్లకూ అంత తీసుకోవాలని ఆయన వాదన. 1893లో షికాగోలో జరిగిన సభలో పారిస్ నగరపు గణాంక అధికారి జాక్ బెర్టియోన్ మరణ కారణాల పట్టిక ఒకటి సమర్పించాడు. అనేక దేశాలు దానిని అంగీకరించాయి. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాధ్యత తీసుకుని, మరణాలతో పాటు జబ్బులను కూడా చేర్చింది. దానినే ఐ.సి.డి. అంటారు. 1990లో ఆమోదించిన 10వ కూర్పులో కుష్ఠువ్యాధి సంకేతం ఎ30, పెద్దవారిలో ఎక్కువగా వచ్చే రెండవ రకం మధుమేహం ఇ11. మీ డిశ్చార్జి కాగితం మీద అలాంటి అక్షరం, అంకెలు కనబడితే అవి ఇవే. 11వ కూర్పును 2019లో ఆమోదించారు, అది 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

ఎవరి పట్టిక వారిది

అయితే ఒక్క పట్టిక అందరికీ సరిపోలేదు. ఇంట్లో చూడండి. రేషను కార్డులో ఒక పేరు, బడిలో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, అమ్మమ్మ పిలిచే ముద్దు పేరు ఇంకొకటి. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరానికి వచ్చింది. వైద్యంలోనూ అంతే.

మరణాలు, జబ్బులు లెక్కపెట్టేవారికి ఐ.సి.డి. కావాలి. వైద్య వ్యాసాలను విషయం వారీగా సర్దవలసిన గ్రంథాలయం వారికి వేరే పట్టిక కావాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో అలాంటిది అచ్చువేసింది, పేరు మెష్. రోగి మంచం పక్కన డాక్టరు, నర్సు గమనించిన ప్రతి చిన్న విషయాన్ని రాయడానికి స్నోమెడ్ సి.టి. ఉంది. ఇది 2002లో అమెరికా పాథాలజిస్టుల పట్టికను, బ్రిటను డాక్టర్ల పట్టికను ఒకటిగా చేర్చి తయారుచేసినది. ఇందులో మూడు లక్షలకు పైగా భావనలు ఉన్నాయి. భారతదేశం కూడా దీని నిర్వాహక సంస్థలో సభ్యదేశం, అందువల్ల మన ఆసుపత్రులు రుసుము లేకుండా వాడుకోవచ్చు. ల్యాబు పరీక్షలకు లోయింక్ అనే పట్టిక ఉంది. 1994లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరంలో దానిని మొదలుపెట్టారు. మందులకు వేరే పట్టికలు ఉన్నాయి.

ఇన్ని పట్టికలూ మంచివే. కాని ఒక ఆసుపత్రి ఒకటి వాడి, పక్క ఆసుపత్రి మరొకటి వాడితే, రెండు చోట్ల రోగులను కలిపి లెక్క చూడాలనుకున్న పరిశోధకుడు ఏమి చేయాలి? మళ్లీ విలియం ఫార్ చెప్పిన చిక్కే ఎదురవుతుంది.

పదాలను కలిపే వంతెన

1986లో అదే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం, డాక్టర్ డొనాల్డ్ లిండ్‌బర్గ్ డైరెక్టరుగా ఉన్నప్పుడు, ఒక పని ప్రారంభించింది. దాని పేరు యు.ఎం.ఎల్.ఎస్. "ఏకీకృత వైద్య భాషా వ్యవస్థ" అని చెప్పుకోవచ్చు. మొదటి కూర్పు 1990లో వచ్చింది. నేడు అందులో దాదాపు 200 పట్టికలు, 30 లక్షలకు పైగా భావనలు ఉన్నాయి.

వారు ఎంచుకున్న పద్ధతి గమనించదగినది. "ఇక మీదట అందరూ ఈ ఒక్క పేరే వాడాలి" అని ఎవరినీ బలవంతపెట్టలేదు. ప్రతి భావానికి ఒక నంబరు ఇచ్చారు. తలనొప్పికి ఏ పట్టికలో ఏ పేరు ఉన్నా, ఏ సంకేతం ఉన్నా, అవన్నీ సి0018681 అనే ఒక్క నంబరు కింద చేరుతాయి. ఏ పేరు ఏ పట్టిక నుండి వచ్చిందో కూడా పక్కన రాసి ఉంచుతారు. ఎవరి పేరునూ చెరిపివేయరు.

ఒకే మాటకు అనేక అర్థాలుంటే దానిని విడదీస్తారు. ఇంగ్లీషులో "కోల్డ్" అనే మాట చూడండి. చల్లదనం అయితే సి0009264. జలుబు అయితే సి0009443. ఊపిరితిత్తుల నాళాలు మూసుకుపోయే దీర్ఘకాల జబ్బును పొడి అక్షరాలలో రాస్తే అది కూడా "కోల్డ్" అనే అవుతుంది, దాని నంబరు సి0024117. పొగ తాగి ఊపిరితిత్తులు పాడైన ముసలాయనను కంప్యూటరు "జలుబు" లెక్కలో వేస్తే ఆ పరిశోధన ఎందుకూ పనికిరాదు కదా.

ఈ కలిపే పని ఎలా జరుగుతుంది? ముందు కంప్యూటరు మాటల క్రమం, ఏకవచనం, బహువచనం వంటి తేడాలు పక్కనపెట్టి, దగ్గరగా ఉన్న పేర్లను జత చేస్తుంది. తరువాత వైద్య పదాలు తెలిసిన మనుషులు ఒక్కొక్కటి చూసి, నిజంగా ఒకటేనా అని తేలుస్తారు. ప్రతి భావమూ ఏ జాతికి చెందినదో, అంటే జబ్బా, లక్షణమా, మందా, శరీర భాగమా అన్నది కూడా గుర్తు వేస్తారు. అలాంటి జాతులు 127 ఉన్నాయి. నాడు సిస్టరుగారు ఒక్క చూపులో చేసినది ఇదే. రెండు పేర్లు ఒకే మందువని ఆమెకు తెలుసు.

కుష్ఠువ్యాధి నేర్పే పాఠం

కలపడం అన్నివేళలా సులువు కాదు. మిషను ఆసుపత్రులు ఎన్నో ఏళ్లు సేవ చేసిన కుష్ఠువ్యాధినే ఉదాహరణగా తీసుకుందాం.

1960 దశకంలో రిడ్లీ, జాప్లింగ్ అనే ఇద్దరు వైద్యులు రోగి శరీరపు రోగ నిరోధక శక్తిని బట్టి ఈ జబ్బును ఐదు రకాలుగా విభజించారు. దానికి చర్మపు ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. పల్లెలలో అది సాధ్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినప్పుడు, మందు ఇవ్వడానికి వీలుగా రెండే రకాలు చేశారు. క్రిములు తక్కువగా ఉన్నది పాసీబాసిలరీ, ఎక్కువగా ఉన్నది మల్టీబాసిలరీ.

ఇప్పుడు ఐదింటిని రెండింటిలో ఎలా కలపాలి? కొన్ని రకాలు తేలికగానే ఒక వైపు చేరుతాయి. మధ్యలో ఉన్న రకం మచ్చల సంఖ్యను బట్టి ఇటు కావచ్చు, అటు కావచ్చు. ఐదు నుండి రెండుకు ఎలాగో వచ్చినా, రెండు నుండి తిరిగి ఐదుకు వెళ్లలేము.

ఇంకొక సంగతి. "పాసీబాసిలరీ" అనే మాట అర్థమే కాలంతో మారింది. మొదట చర్మపు ద్రవం పరీక్షలో క్రిములు కొద్దిగా కనబడినవారిని కూడా అందులోనే ఉంచారు. 1988 నుండి క్రిమి కనబడిన ప్రతివారినీ మల్టీబాసిలరీలో చేర్చారు. 1990 దశకంలో మచ్చలు లెక్కపెట్టడం వచ్చింది. 5 మచ్చల దాకా ఒక రకం, అంతకు మించితే రెండవ రకం. కాబట్టి 1985 నాటి రిజిస్టరులో ఉన్న మాట, 2005 నాటి రిజిస్టరులో ఉన్న అదే మాట ఒకటి కావు. రెండూ కలిపి లెక్కపెడితే జబ్బు పెరగకపోయినా పెరిగినట్లు కనబడుతుంది. అందుకే మాటతో పాటు అది ఏ సంవత్సరపు పట్టికలోనిది అన్నది కూడా భద్రపరచాలి.

బైబిలు చదివే మనకు ఇందులో మరొక పాఠం ఉంది. లేవీయకాండము 13, 14 అధ్యాయాలలో చెప్పిన పొడ మనుషుల చర్మం మీదే కాదు, బట్టల మీద, ఇంటి గోడల మీద కూడా వస్తుంది. హెబ్రీ భాషలో దాని పేరు సారాత్. గ్రీకులోకి అనువదించినవారు దానిని లెప్రా అన్నారు. ఆనాటి గ్రీకులో ఆ మాటకు పొలుసులు రాలే చర్మ రోగాలని అర్థం. ఈనాడు మనం కుష్ఠువు అనేదాన్ని ఆనాటి గ్రీకు వైద్యులు ఎలిఫెంటియాసిస్ అన్నారు. ఆ పేరు ఇప్పుడు బోదకాలుకు వాడుతున్నాము. కాలక్రమంలో లెప్రా అనే మాట కుష్ఠువుకు అంటుకుంది. దానితో పాటు అపవిత్రత అనే నింద కూడా అంటుకుంది. 1873లో నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ ఇది ఒక క్రిమి వల్ల వచ్చేదని కనుగొన్నాడు. మందులతో పూర్తిగా నయమవుతుంది. అయినా పేర్ల కలగాపులగం వల్ల ఎన్ని కుటుంబాలు ఊరి బయట బ్రతికాయో మన మిషను చరిత్ర చదివినవారికి తెలుసు. రెండు వేరు జబ్బులకు ఒక పేరు పెడితే ఇంత హాని జరుగుతుంది.

ఉద్దానం రైతుకు ఈ పట్టికలతో పని ఏమి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాలలో, మూత్రపిండాల జబ్బు ఎంతో మందిని బాధిస్తున్నదని అందరికీ తెలుసు. వారిలో చాలామందికి షుగరు లేదు. మొదట్లో బి.పి. కూడా లేదు. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కూలీలలో కనబడింది. మన దగ్గర దానిని ఉద్దానం కిడ్నీ జబ్బు అంటారు, అక్కడివారు వారి ప్రాంతం పేరు పెట్టారు. కారణం ఇంకా తేలలేదు.

ఐ.సి.డి. 10వ కూర్పులో దీర్ఘకాల మూత్రపిండాల జబ్బు సంకేతం ఎన్18. అది జబ్బు ఏ దశలో ఉందో చెబుతుంది. కారణం చెప్పదు. గుమస్తా ఎన్18 అని ఒక్కటే రాసి వదిలేస్తే, షుగరు వల్ల కిడ్నీ చెడిన పట్టణపు ఆసామి, ఏ కారణమూ తెలియని ఉద్దానం కొబ్బరితోట కూలి ఒకే గుంపులో పడిపోతారు. అప్పుడు కారణం వెదకడం గడ్డివాములో సూది వెదకినట్లే. పక్కన "షుగరు లేదు, బి.పి. లేదు, పొలం పని, ఫలానా ఊరు" అని ఉంటేనే పరిశోధకుడు ఆ రోగులను వేరుచేసి, శ్రీలంక రోగులతో పోల్చగలడు. ఇలా దేశాల మధ్య పోల్చడానికే ఒకే ప్రశ్నలు, ఒకే కొలతలతో "డిగ్రీ" అనే అధ్యయన పద్ధతిని 2017లో ప్రచురించారు. పదాలు కలిపే పని అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవారిదే అనుకోవద్దు. అది మన ఓ.పి. చీటీ దగ్గర మొదలవుతుంది.

ఆయుర్వేద పదాల సంగతి

మన కుటుంబాలలో ఇంగ్లీషు మందులతో పాటు ఆయుర్వేదం, యునానీ వాడేవారున్నారు. ఆ వైద్యుల పదాలను కూడా క్రమపరచి, ప్రభుత్వం 2017లో "నమస్తే" అనే పోర్టల్ తెరిచింది. 2024 జనవరి 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయుర్వేద, సిద్ధ, యునానీ పదాల భాగాన్ని ఐ.సి.డి. 11వ కూర్పులో చేర్చి న్యూఢిల్లీలో విడుదల చేసింది. ఇక్కడ కూడా జాగ్రత్త ఉంది. "వాతం" అంటే ఫలానా ఇంగ్లీషు జబ్బే అని గుడ్డిగా సమానం చేయలేదు. ఆయుర్వేద సంకేతం ఒకటి, ఆధునిక వైద్య సంకేతం ఒకటి పక్కపక్కనే రాసే వీలు కల్పించారు. పోలిక చూడవచ్చు, కలిపేయకూడదు. తొందరపడి కలపడం కంటే పక్కపక్కన ఉంచడం మేలు.

మన పేరు బయటపడుతుందా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగాలి కూడా. పరిశోధనకు రికార్డులు ఇచ్చేటప్పుడు పేరు, చిరునామా, ఫోను నంబరు తీసివేయాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రచురించిన నియమాల ప్రకారం పరిశోధనను ముందుగా నైతిక కమిటీ పరిశీలించి అనుమతించాలి. ఎవరైనా సంతకం పెట్టమని కాగితం ఇస్తే, తెలుగులో చదివించుకుని, అర్థమైన తరువాతే పెట్టండి. వద్దు అనే హక్కు మీకుంది. వద్దన్నందువల్ల వైద్యంలో తేడా చూపకూడదు.

ఇంట్లో మనం చేయవలసినవి

1. మీ బాధను మీ మాటల్లోనే చెప్పండి. డాక్టరుగారికి నచ్చుతుందని ఇంగ్లీషు జబ్బు పేరు తగిలించవద్దు. "గ్యాస్" అనకుండా, "రొమ్ము మధ్య బరువు, ఎడమ చేతికి లాగుతోంది, నడిస్తే ఎక్కువవుతోంది" అని చెప్పండి. సరైన పేరు పెట్టడం మా పని.

2. పడని మందు ఉంటే దాని కంపెనీ పేరు, అసలు పేరు రెండూ రాయించుకోండి. అసలు పేరు మాత్రల అట్ట మీద ఉంటుంది. ఆ అట్టనే దాచి తెస్తే ఇంకా మంచిది.

3. విదేశాలలో ఉన్న పిల్లలు పంపే మందులను ఇక్కడి మందులతో కలిపి వేసుకునే ముందు అడగండి. మనం పారాసెటమాల్ అనేదే అమెరికాలో అసిటమినోఫెన్. వేరు మందు అనుకుని రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపై కాలేయం దెబ్బతింటుంది.

4. ల్యాబు కాగితంలో అంకె ఒక్కటే చూడవద్దు, పక్కన ఉన్న కొలత కూడా చూడండి. లండనులో కొడుకు దగ్గర ఉండి వచ్చిన ఒక పెద్దమ్మగారు మూడు నెలల షుగరు సగటు పరీక్షలో "53" చూసి భయపడి పరుగున వచ్చారు. బ్రిటనులో ఆ పరీక్షకు కొలత వేరు. అక్కడ 53 అంటే మన లెక్కలో 7 శాతం. అలాగే కొన్ని దేశాలలో రక్తంలో చక్కెర 10 అని రాస్తే అది ఇక్కడి 180.

5. పాత కాగితాలు పారవేయవద్దు. తేదీల వారీగా ఒక సంచిలో పెట్టి ప్రతిసారి తీసుకురండి.

6. డిశ్చార్జి అయ్యేటప్పుడు "నా జబ్బు పేరు పూర్తిగా రాయండి, తెలుగులో ఒకసారి చెప్పండి" అని అడగండి. పొడి అక్షరాలు అర్థం కాకపోతే సిగ్గుపడకండి. ఈ విషయంలో మా నర్సులకు కూడా చెబుతున్నాను. రోగి అడిగితే విసుక్కోవద్దు, అడగకపోయినా చెప్పండి.

పాఠం నేర్చుకున్నామా?

ఈ ప్రశ్నలను కుటుంబ ప్రార్థన తరువాత, లేదా స్త్రీల సమాజంలో చర్చించుకోండి.

1. కామెర్లు జబ్బా, లక్షణమా?
2. యు.ఎం.ఎల్.ఎస్. వారు పాత పేర్లను తీసివేశారా, ఏమి చేశారు?
3. 1985 నాటి "పాసీబాసిలరీ", 2005 నాటి "పాసీబాసిలరీ" ఎందుకు ఒకటి కావు?
4. మీ ఇంట్లో ఎవరికైనా పడని మందు ఉందా? దాని అసలు పేరు మీకు తెలుసా?

నాలుగవ ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి, ఈ రోజే తెలుసుకోండి.

ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు జీవులను ఆదాము ఎదుటికి తెచ్చి, వాటికి పేర్లు పెట్టే పని అతనికి అప్పగించాడు. పేరు పెట్టే ముందు ఆదాము వాటిని చూశాడు. రోగిని సరిగా చూసి, విని, ఆ తరువాత సరైన పేరు రాయడం మాకు అప్పగించిన పని. నాడు మంచం పక్కన నా చేయి పట్టి ఆపిన సిస్టరుగారు ఇప్పుడు ప్రభువునందు నిద్రించారు. ఆ బాబు మూడు రోజులకు కోలుకుని, తల్లి చంక దిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. అలా ఇంటికి వెళ్లేవారి సంఖ్య పెరగాలని మా కోరిక, మా ప్రార్థన.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యమును, సమాధానమును అనుగ్రహించును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్